మెస్సీయ స్వాగత కమిటీ, నా పొలం

మా ఊరి సమాజమందిరపు పెద్ద యోవెజెరు గారి మీద నాకు కోపమేమీ లేదు. ఆయన నా పొలం తీసుకున్నారు, అంతే. ఆయన చదువుకున్నవారు, గడ్డం దువ్వుకున్నవారు, మందిరంలో ముందు వరసలో కూర్చునేవారు. నేను సగం అక్షరాల దగ్గరే పలక పడేసి గాడిద వెంట పోయినవాణ్ణి. అలాంటివారు నాలాంటివాడి పొలం తీసుకోక ఇంకెవరిది తీసుకుంటారు?

ఒక సోమవారం, సంత రోజు, ధర్మశాస్త్రం చదవడం అయ్యాక ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. మెస్సీయ రాక దగ్గరపడిందన్నారు. యూదయ దేశంలో ఏ ఊరూ సిద్ధంగా లేదు కాబట్టి మన ఊరైనా సిద్ధంగా ఉండాలన్నారు. అందుకోసం 'మెస్సీయ స్వాగత ఏర్పాట్ల కమిటీ' వేశామనీ, అధ్యక్షుడి ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిపోయిందనీ ప్రకటించారు. ఎప్పుడు జరిగిందని ఎవరూ అడగలేదు. అధ్యక్షుల వారు వినయంగా తల వంచి, తమను తామే అభినందించుకుని కూర్చున్నారు.

మెస్సీయ గాడిద మీద వస్తాడని ప్రవక్త ఏనాడో చెప్పాడు. గాడిద వచ్చేది యెరూషలేము బాట వెంట. ఆ బాట పక్కన జనం నిలబడడానికి చదునైన నేల ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది నాది.

"మల్లూకూ, నీ పొలం కమిటీకి కావాలి," అన్నారు యోవెజెరు గారు. "మెస్సీయ వచ్చిన రోజున పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చేస్తాం. ఇద్దరు సాక్షుల ఎదుట మాటిస్తున్నాను."

తొలకరి వస్తోందనీ, బార్లీ చల్లకపోతే ఏడాదంతా ఇంట్లోవాళ్ళు పస్తులేననీ నసిగాను.

"ఆయన వచ్చాక నేలలోంచి కాల్చిన రొట్టెలే మొలుస్తాయని పెద్దలు చెప్పారు. నువ్వింకా బార్లీ దగ్గరే ఉన్నావేమయ్యా?"

జనం నవ్వి ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నలుగురిలో ఉండి ఆమేన్ అనకపోతే గొంతు బాగాలేదా అని పరామర్శకు వస్తారు.

ఇంటికి పోయి చెబితే మా ఆవిడ హెప్సీబా తిరగలి ఆపింది. "మా తాత చిన్నప్పుడే రేపో మాపో అన్నారు. నువ్వు పొలానికి అంత గడువు పెట్టొచ్చావా?" అంది. మళ్ళీ తిరగలి తిప్పింది. ఆ పూట పిండి మరీ మెత్తగా వచ్చింది.

కమిటీ పనితీరును మాత్రం మెచ్చుకోవాలి. మెస్సీయకు ఒక రోజు ముందుగా ఏలీయా ప్రవక్త వచ్చి కబురు చెబుతాడు కదా, ఆయన కోసం గుట్ట మీద కాపలా పెట్టడానికి సబ్ కమిటీ వేశారు. విశ్రాంతి దినాన ప్రవక్త ప్రయాణం చెయ్యడు కాబట్టి ఆ రోజు కాపలా అక్కర్లేదని తేల్చారు. శుక్రవారం ఆడవాళ్ళు వంటల హడావుడిలో ఉంటారు, ఆ రోజు వస్తే ప్రవక్తను పట్టించుకునే నాథుడుండడు, అది తెలిసి ఆయనే రాడు కాబట్టి శుక్రవారమూ అక్కర్లేదన్నారు. ఇలా ప్రవక్తకు సెలవులు ఇచ్చిన ఊరు దేశంలో మాది ఒక్కటే.

తర్వాత రిహార్సల్ పెట్టారు. గాడిద నాదే. మెస్సీయ కూర్చుంటే తోరణం తలకు తగులుతుందో లేదో చూడాలి, అందుకు ఎవరో ఒకరు ఎక్కాలి. యోవెజెరు గారు పెద్ద మనసు చేసుకుని తామే ఎక్కారు. మేము ఖర్జూరపు మట్టలు ఊపాం. చీకటి పడ్డాక ఇక దిగమంటే, ఎత్తు ఇంకా సరిగా తేలలేదన్నారు. మర్నాడూ తేలలేదు. గాడిద ఆయన కొట్టంలోనే ఉండిపోయింది. తొలకరి చినుకు పడగానే అధ్యక్షుల వారి ఎడ్లు నా పొలంలో దిగి దున్నాయి, ఉల్లి నాటారు. అడిగితే స్వాగత విందుకన్నారు. మెస్సీయ వస్తే మీరు రొట్టెలు మొలుస్తాయన్నారుగా అన్నాను. "రొట్టెలోకి ఉల్లి వద్దా?" అన్నారు. చదువంటే అదీ.

మా ఊళ్ళో నజరేయుల జట్టు ఒకటుంది. వాళ్ళూ మావాళ్ళే. అదే మందిరం, అవే కీర్తనలు, అదే పస్కా పండుగ. ఎడమ గోడ వైపు కూర్చుంటారు. తేడా ఒక్కటే: మేము మెస్సీయ వస్తాడంటాం, వాళ్ళు వచ్చి వెళ్ళాడు, మళ్ళీ వస్తాడంటారు. ఈ మాట మీద యోవెజెరు గారికీ వాళ్ళ పెద్ద అజ్జూరుకీ నిప్పూ నీళ్ళూ. తోరణం మీద 'స్వాగతం' అని రాయించబోతే, 'మళ్ళీ స్వాగతం' అనే రాయాలని అజ్జూరు పట్టుబట్టాడు. ఆ రోజు మందిరంలో ఎగిరిన చెప్పులు ఇప్పటికీ జతలు కలవలేదు.

మా బావమరిది బానీ ఆ జట్టువాడే. ఒక సాయంత్రం మా ఇంట్లో చిక్కుడుగింజల పులుసు తింటూ ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు.

"బావా, ఆయన ఎప్పుడో వచ్చేశాడు."

ఈ మాట అతను ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. నాకు వినబడింది మాత్రం ఆ సాయంత్రమే.

"వచ్చాడా?"

"వచ్చాడు బావా."

"గాడిద మీదేనా?"

"గాడిద మీదే. యెరూషలేములోకి. జనం బట్టలు పరిచారు, మట్టలు పరిచారు."

"అయితే నా పొలం నాకివ్వాలిగా?"

బానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళకి నీ గుండె మెత్తబడింది బావా," అన్నాడు.

మెత్తబడింది. అంత త్వరగా నమ్మినవాడు ఆ జట్టులో ఇంకొకడు లేడని ఒట్టేసి చెప్పగలను.

ఇక కావలసింది ఇద్దరు సాక్షులు. బానీ చుట్టం, మా ధర్మంలో చుట్టం సాక్ష్యం చెల్లదు. అందుకని అజ్జూరు దగ్గరికే పోయాను. ఆయన నన్ను కౌగలించుకుని, సాక్ష్యం చెప్పడానికే తాము బతికున్నామన్నాడు. లోకం చివరిదాకా పోయి చెప్పేవాడు మన మందిరంలో చెప్పడానికి వెనకాడతాడా అన్నాడు. పక్కనే ఉన్న తన తమ్ముణ్ణి కూడా రెండో సాక్షిగా నిలబెడతానన్నాడు. గురువారం పంచాయితీ అనుకున్నాం. ఉల్లి పీకేస్తే బార్లీకి ఇంకా అదను ఉంది. హెప్సీబా విత్తనాల కుండ మూత తీసి పురుగు పట్టిందేమో చూసుకుంది.

బుధవారం హెప్సీబా బావి దగ్గర్నుంచి వచ్చి, యోవెజెరు గారు అజ్జూరు ఇంట్లోకి వెళ్ళడం చూశానంది. కొట్టుకోవడానికి వెళ్ళుంటారనుకుని సంతోషించాను.

గురువారం మందిరం కిటకిటలాడింది. తీర్పు చెప్పే ముగ్గురిలో యోవెజెరు గారు ఒకరు. తమ మీద ఫిర్యాదు కాబట్టి పక్షపాతం చూపకుండా ఉండడం తమకే బాగా తెలుసునన్నారు.

"మెస్సీయ వచ్చేశాడంటావు," అన్నారు నాతో. "వస్తే మన పొలిమేరలో పన్నులు గుంజే రోమా సుంకరి ఇంకా ఎందుకున్నాడు?"

"సుంకరి పొలిమేరలోనే ఉన్నాడండీ. తమరు నా పొలంలో ఉన్నారు," అన్నాను.

వెనక ఎవరో నవ్వి దగ్గులోకి దించుకున్నారు. అజ్జూరును పిలిచారు. ఆయన లేచి పైబట్ట సర్దుకుని, నా వైపు కాక దూలం వైపు చూశాడు.

"మెస్సీయ వచ్చాడా?" అని అడిగారు యోవెజెరు గారు, చాలా మెల్లగా.

"వచ్చాడు," అన్నాడు అజ్జూరు. నేను మనసులో అప్పుడే ఉల్లి పీకేశాను. "అయితే ఆ రాక వేరు. అప్పుడాయన దీనుడుగా వచ్చాడు, దానికి తోరణాలు లేవు, పొలాలు లేవు. మల్లూకుకు ఇచ్చిన మాట మహిమతో వచ్చే రాక గురించి. అది ఇంకా జరగలేదు."

తమ్ముడూ అదే చెప్పాడు, దూలం వైపే చూసి.

యోవెజెరు గారు ఆసనం దిగి వచ్చి అజ్జూరును వాటేసుకున్నారు. ఒకరి నీడ ఒకరు తొక్కని మనుషులు చెంపలు ముద్దు పెట్టుకుంటుంటే ముసలాళ్ళు ఏడ్చారు. మెస్సీయ ఇంకా రాలేదని కుడి గోడా ఎడమ గోడా కలిసి ఒక్క గొంతుతో అనడం మా మందిరం కట్టాక అదే మొదటిసారి. ఇంత ఐకమత్యానికి కారకుడివి నువ్వేనని నన్ను కూడా మెచ్చుకున్నారు. బానీ మాత్రం మందిరం బయట మెట్టు మీద కూర్చుని, చాలాసేపు చెప్పు తొడుక్కుంటూనే ఉన్నాడు.

మర్నాడు పొలానికి పోయి చూస్తే మధ్యలో తాడు కట్టి ఉంది. పడమటి సగంలో ఉల్లి, 'స్వాగతం' అని తోరణం. తూర్పు సగంలో అజ్జూరు మేకలు, 'మళ్ళీ స్వాగతం' అని తోరణం.

కమిటీ నన్ను మరిచిపోలేదు. గుట్ట మీద ఏలీయా కోసం కాపలా ఉద్యోగం నాకే ఇచ్చారు. జీతం మెస్సీయ వచ్చిన రోజున ఇస్తారు. చేతికొక పొట్టేలు కొమ్ము ఇచ్చి, బాట మీద ప్రవక్త కనబడగానే ఊరంతా వినేలా ఊదమన్నారు. ఆ గుట్ట మీంచి నా పొలం నాలుగు మూలలూ చక్కగా కనబడుతుంది.

మొన్న ఆదివారం పొద్దున్నే యోవెజెరు గారు రొప్పుకుంటూ గుట్ట ఎక్కారు. అటూ ఇటూ చూసి నా పక్కన కూర్చున్నారు.

"మల్లూకూ, ఒకవేళ నిజంగానే ఎవరైనా కనబడితే కొమ్ము ఊదకు. ముందు నాకొచ్చి చెప్పు. ఉల్లి ఇంకా తవ్వలేదు."

మధ్యాహ్నం అజ్జూరు ఎక్కాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సోదరా, కొమ్ము విషయంలో తొందరపడకు. మేకలు ఈనే రోజులు."

ఇద్దరికీ సరేనన్నాను. హెప్సీబా విత్తనాల కుండ తిరగలిలో పోసేసింది, ఆ రొట్టెలూ అయిపోవచ్చాయి.

ఎవరైనా వచ్చి అడిగితే చెప్పడానికి పోయినవి గుర్తు పెట్టుకున్నాను: మూడు తూముల విత్తనం పట్టే పొలం. గట్టు మీద పదకొండు ఒలీవ చెట్లు. ఒక అంజూరపు చెట్టు, దాని నీడతో సహా. ఒక గాడిద, ఎత్తు ఇంకా తేలలేదు.