చిన్న బండి అమ్మకూడని రోజు

ఆ ఉదయం తాళంకప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, కాఫీ తాగాలి, షోరూమ్‌కి వెళ్ళి ఎవరో ఒకరికి, జీపులా కనిపించే ఒక చిన్న క్రాసోవర్ కారు అమ్మాలి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఇందులో ఎవరికీ హాని లేదు. అయినా పిరికివాడి పథకాలకి పెద్ద ఆయుష్షు ఉండదు.

తాళంకప్ప అతని అసలు పేరు కాదు, మామగారు పెట్టిన పేరు. పెళ్ళినాటికి అతను ఫ్యాన్లు అమ్మే కంపెనీలో ఉండేవాడు. అది మూతపడింది. తరవాత చేరిన టైల్స్ దుకాణం ఏడాది తిరక్కుండానే ఎత్తేశారు. "మా అల్లుడు కాలు పెట్టినచోట తాళం పడుతుంది" అని మామగారు ఒక పెళ్ళిలో పదిమంది ముందూ అన్నారు. పదిమందీ నవ్వారు, పేరు స్థిరపడిపోయింది. కార్ల షోరూమ్ అతనికి మూడో ఉద్యోగం. ఇదీ పోతే మామగారి బకెట్ల దుకాణంలో, ఆయన కళ్ళెదుట స్టూలు మీద కూర్చుని, ఏ బకెట్‌కి ఏ మూత సరిపోతుందో చూసే పని సిద్ధంగా ఉంది. ఆ స్టూలు గుర్తొస్తే తాళంకప్పకి ముద్ద గొంతు దిగదు.

ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా బావమరిది ఫోన్ చేశాడు. అతను ఆ కార్ల కంపెనీ ప్రధాన కార్యాలయంలోనే లెక్కల విభాగంలో పనిచేస్తాడు.

"బావా, ఇవాళ మా పెద్దసారు మీ షోరూమ్‌కి వస్తున్నాడు. ముందే చెబుదామని చేశాను."

"ఎందుకొస్తున్నాడు? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదులే. చిన్న బండి ఎలా పోతోందో చూడ్డానికి. దాని మీద ఇక్కడ పెద్ద గొడవగా ఉంది. అమ్మిన ప్రతి బండి మీదా కంపెనీకి నష్టమే తేలుతోంది."

"ప్రతి బండి మీదా?"

"ఒక్కోదాని మీదా. ఎవరితోనూ అనకు, నా ఉద్యోగం ఊడుతుంది. అసలు సంగతేంటంటే... ఉండు బావా, పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తా."

మళ్ళీ చెయ్యలేదు. తాళంకప్ప ఫోన్ పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి కమురు వాసన వచ్చింది. చూస్తే కాలరు కాలిపోయింది.

భయానికి కారణం లేకపోలేదు. ఆ షోరూమ్‌లో చిన్న బండ్లు అందరికంటే ఎక్కువ అమ్మింది అతనే. కిందటి నెల అందుకు మెచ్చుకుని ఒక గోడ గడియారం కూడా ఇచ్చారు. అంటే కంపెనీని ముంచుతున్నది సాక్షాత్తూ తనే. కూర్చున్న కొమ్మని నరుక్కుంటూ, బాగా నరుకుతున్నానని బహుమతి కూడా పుచ్చుకున్నాడు. పెద్దసారు ఆ లెక్క చూస్తాడు, షోరూమ్ ఎత్తేస్తాడు, ఆ తరవాత స్టూలు. పెద్దసారు వచ్చి వెళ్ళేదాకా ఒక్క చిన్న బండి కూడా అమ్మకూడదని కాలిన చొక్కా సాక్షిగా నిశ్చయించుకున్నాడు.

షోరూమ్‌లో అడుగుపెట్టగానే మేనేజరమ్మ ఎదురైంది.

"ఇవాళ చిన్నవి ఎన్ని పోతే అన్ని పోవాలి. పెద్దసారు ఏ వేళప్పుడైనా రావచ్చు."

"పెద్ద బండి చూపిద్దాం మేడమ్. అది ఎన్నాళ్ళనుంచో అలాగే పడి ఉంది."

ఆవిడ అతని కాలరు వంక చూసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది మేడమ్" అన్నాడు కానీ, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది అతని పరిస్థితి. అమ్మకపోతే మేనేజరమ్మ ఊరుకోదు. అమ్మితే పెద్దసారు ఊరుకోడు.

మొదట వచ్చింది రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఆయన భార్య. వాళ్ళు ఆ బండిని చూసిపోవడం ఇది నాలుగోసారి. ఇవాళ కొనేద్దామని వచ్చారు. వాళ్ళని తిప్పి పంపాలంటే తాళంకప్పకి ఒకటే దారి తోచింది. నిజం చెప్పేశాడు.

"మాస్టారూ, చూడ్డానికి జీపులా ఉంది కానీ ఇది జీపు కాదండి. ఉత్త చిన్న కారు. ఆ ఇంజనే, ఆ స్టీరింగే. నాలుగు వేళ్ళు పైకి లేపి, చుట్టూ నల్ల ప్లాస్టిక్ బిగించి, ధర పెంచారు. అంతే."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన భార్య ముందుకొచ్చింది. "ఆ నాలుగు వేళ్ళ ఎత్తు నిజంగా ఉందా బాబూ?"

"అది ఉందండి."

"నా మోకాళ్ళకి కావలసింది ఆ నాలుగు వేళ్ళే. మామూలు కార్లో కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి."

"ఇన్ని షోరూములు తిరిగాం" అన్నారు మాస్టారు, "కొనొద్దని చెప్పినవాణ్ణి నిన్నే చూశాను. మా పార్కులో నాతో నడిచేవాళ్ళందరికీ నీ సంగతి చెప్పాలి." చెప్పాలనడమే కాదు, డబ్బు కట్టే కౌంటరు దగ్గర నిలబడి ఫోన్లు మొదలుపెట్టారు కూడా. తాళంకప్ప వెళ్ళి చల్లని నీళ్ళు తాగాడు.

తరవాత డ్రైవింగ్ స్కూల్ నడిపే ఆవిడ వచ్చింది. ఈవిడకి మోకాళ్ళు గట్టివి, గొంతు అంతకంటే గట్టిది. కాబట్టి ఎత్తు సంగతి దాచి ప్లాస్టిక్ మీద పడ్డాడు.

"చూడండి మేడమ్, చక్రాల చుట్టూ, బంపర్ కింద, తలుపుల కింద అంతా ప్లాస్టిక్కే. రంగైనా వెయ్యలేదు."

ఆవిడ వంగి గోటితో గీకి చూసింది. "రంగు లేదంటే గీసుకున్నా పోయేదేం లేదన్నమాట."

"పోయేదేం లేదు కానీ..."

"మా దగ్గర నేర్చుకునేవాళ్ళు గోడ కనిపిస్తే దానికేసే వెళ్తారు నాయనా. నెలనెలా రంగులేయించలేక చస్తున్నా. ఆరు రాసుకో."

ఆరు. తాళంకప్పకి ఆ అంకె చెవిలో మోగింది. ఒక్కో బండి మీదా నష్టమైతే ఆరింటి మీద ఎంతో లెక్కవేసే ధైర్యం కూడా అతనికి లేదు. రాసుకున్నాడు. రాసిన అక్షరాలు తరవాత మేనేజరమ్మకి అర్థం కాలేదు.

ఇక మాటలతో లాభం లేదు, అసలు బండే కనపడకుండా చేస్తే సరి అనిపించింది. మేనేజరమ్మ ఫోన్లో ఉన్న సమయం చూసి, షోరూమ్ మధ్యలో మెరుస్తున్న చిన్న బండిని మెల్లగా బయటికి తీసి, వెనకాల కార్లు కడిగే షెడ్డులో పెట్టి, పైన గుడ్డ కప్పి వచ్చాడు. దొంగతనం చేసినవాడికి కూడా గుండె అంతలా కొట్టుకోదు. తిరిగి వచ్చేసరికి పార్కులో నడిచేవాళ్ళు బూట్లతో సహా దిగిపోయి ఖాళీ స్థలం చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఇక్కడుండే బండేది?" అన్నాడు ఒక పెద్దాయన.

"లేదండి."

"చూపించడానికి పెట్టుకున్నది కూడా అమ్మేశారా?"

తాళంకప్ప అవుననలేదు, కాదనలేదు. అవునన్నట్టే అయింది. పెద్దాయన వెనక్కి తిరిగి "అయిపోతున్నాయట" అన్నాడు, అంతే. చూసిపోదామని వచ్చినవాళ్ళు జేబుల్లోంచి కార్డులు తీశారు. తాళంకప్ప ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వెనక సీట్లో ముగ్గురు పట్టరని, డిక్కీలో రెండు పెట్టెలు పెడితే మూడోది ఒళ్ళో పెట్టుకోవాలని బతిమాలి చెప్పాడు. "మేమున్నది ఇద్దరమే కదా" అన్నారు వాళ్ళు. నిజం చెప్పే సేల్స్‌మన్ ఎవరంటూ కొత్తవాళ్ళు కూడా వచ్చారు. బుకింగ్ రసీదులు అయిపోతే మేనేజరమ్మ పక్క ఆఫీసు నుంచి తెప్పించింది.

ఆ గుంపుని తోసుకుంటూ మామగారు వచ్చారు.

తాళంకప్ప ఒక స్తంభం వెనక్కి తప్పుకుందామనుకున్నాడు కానీ ఆయన చూసేశారు. "ఏమోయ్, చిన్నదొకటి తీసుకుందామని వచ్చా. నీ దగ్గర కొనమని మా అమ్మాయి నెల్లాళ్ళుగా పోరుతోంది."

కంపెనీ మునిగితే మునిగింది, మునిగిన కంపెనీ బండిని మామగారి వాకిట్లో నిలబెడితే ఇక ఈ జన్మకి ఆ మాట పోదు. పొద్దున్న లేస్తే బండి, దాని పక్కన స్టూలు.

"మావయ్యగారూ, మీ స్థాయికి చిన్నదేంటండీ. పెద్దది తీసుకోండి."

"అంత బండి నాకెందుకు?"

"మీరు నన్ను నమ్మండి. చిన్నది వద్దు. నా మాట విని పెద్దది తీసుకోండి." అతని గొంతు వణికింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. భయంతోనే, కానీ చూసేవాళ్ళకి అది ప్రేమలా కనిపించింది.

మామగారు అల్లుణ్ణి ఎగాదిగా చూశారు. పక్కనే ఉన్న మాస్టారు కలగజేసుకుని, "ఇతను అబద్ధం ఆడడండీ. నేను హామీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. మామగారు మీసం సవరించుకుని చెక్కుబుక్కు తీశారు. పెద్ద బండికి తాత్కాలిక నంబరు కాగితం అంటించడం, మేనేజరమ్మ తనే పరుగెత్తి తాళాలు తెచ్చివ్వడం, మామగారు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవడం అన్నీ చకచకా జరిగిపోయాయి. తాళంకప్ప ఆ పూట మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు.

వెళ్ళి సోఫాలో కూలబడ్డాడు. పక్కన సాదా చొక్కా వేసుకున్న ఒక మనిషి కాఫీ తాగుతూ పొద్దున్నుంచీ ఇదంతా చూస్తున్నాడు.

"చిన్నది బాగా పోతున్నట్టుందే. నేనూ ఒకటి తీసుకోనా?"

తాళంకప్ప ఓపిక అయిపోయింది. "సార్, మీకు దణ్ణం పెడతాను, వద్దు. పొద్దున్నుంచీ ఆపుదామని చూస్తున్నా, నావల్ల కావడం లేదు. ప్రతి బండి మీదా కంపెనీకి నష్టం సార్. ఇలాగే పోతే కంపెనీ మునుగుతుంది, నేను బకెట్లకి మూతలు పెట్టుకోవాలి."

"నష్టమని ఎవరు చెప్పారు?"

"మా బావమరిది సార్. అక్కడే లెక్కల్లో ఉంటాడు."

అప్పుడు మేనేజరమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగున వచ్చింది. "పెద్దసారూ, ఎప్పుడొచ్చారు? ఎవరూ చెప్పనేలేదు."

తన ఉద్యోగం సరే, ఎవరితోనూ అనొద్దన్న బావమరిది ఉద్యోగం కూడా తన నోటితోనే తీసేశాడు. ఒకే ఇంటి మీద రెండు పిడుగులు వేసిన అల్లుడు ఈ లోకంలో ఇంకెక్కడైనా ఉంటాడా? పెద్దసారు కాఫీ కప్పుతోనే మేనేజరమ్మ వెంట ఆవిడ గదిలోకి నడిచి, రమ్మని వేలు చూపించాడు. తాళంకప్ప వెళ్ళి కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు.

"మీ బావమరిది చెప్పింది నిజమే" అన్నాడు పెద్దసారు, "కాకపోతే సగమే చెప్పాడు. ఆ బండి కోసం ఫ్యాక్టరీలో పెద్ద షెడ్డు కట్టాం, మిషన్లు పెట్టాం. కొన్ని చేసినా, వందలు చేసినా ఆ ఖర్చు అంతే. తక్కువ పోతే ఆ బరువంతా ఆ కొద్ది బండ్ల మీదే పడుతుంది, అందుకే నష్టం. ఎక్కువ పోయేకొద్దీ తేలికవుతుంది. కింద భాగాలన్నీ చిన్న కారువే కదా, మాకు చవగ్గా వస్తాయి. నువ్వు మాస్టారికి చెప్పిన ఆ నాలుగు వేళ్ళ ఎత్తుకి జనం సంతోషంగా ఎక్కువ ఇస్తారు. ఆ షెడ్డుకి చేతినిండా పని దొరికితే ఇంతకు మించి లాభం తెచ్చే బండి మా దగ్గర లేదు."

"అయితే అమ్మొచ్చా సార్?"

"అమ్మకపోతేనే మునిగేది. నువ్వు ఇవాళ అమ్మినట్టు అన్నిచోట్లా అమ్మితే చాలు. మీ బావమరిదిని నేనేమీ అనను. ఇక్కడ ఇంకో షోరూమ్ తెరుస్తున్నాం, దాన్ని నువ్వే చూసుకోవాలి."

తాళంకప్ప అప్పుడు కూర్చున్నాడు. కళ్ళ ముందున్న స్టూలు చిన్నదై, ఇంకా చిన్నదై, మాయమైపోయింది.

"మేం ఎత్తేస్తున్నది పెద్ద బండిని" అన్నాడు పెద్దసారు కాఫీ కప్పు పక్కన పెడుతూ. "ఎవడూ కొనడం లేదు. వచ్చే నెల నుంచి దాన్ని చేసే షెడ్డులో కూడా చిన్నదే చేస్తాం. ఇంకొన్నాళ్ళకి పెద్దదాని స్పేర్ పార్టులు కూడా దొరకవు, తిరిగి అమ్ముదామన్నా అడిగేవాడుండడు. ఈ మధ్య ఎవరికీ అంటగట్టలేదు కదా?"

మేనేజరమ్మ గోడ వైపు చూసింది. "ఒక్కటే సార్. ఇవాళే. డబ్బంతా కట్టేసి, తోలుకుపోయారు కూడా."

"పాపం, ఎవరాయన?"

తాళంకప్ప జేబులో ఫోన్ మోగింది. భార్య. పెళ్ళయ్యాక ఆమె గొంతులో అంత సంతోషం అతను వినలేదు. "నాన్న కొత్త బండిలో మనింటికే వచ్చారండీ. మీ మాట విని కొన్నానని వీధిలో అందరికీ చెబుతున్నారు. మీరొచ్చేదాకా కదలరట."

అల్లుడి మాట మామగారు వినడం అదే మొదటిసారి.