నేను కొనని ఐస్‌క్రీమ్ బండి

ప్రతి గృహస్థుడికీ జీవితంలో ఒక్కసారైనా 'ఎగవేతదారు' అన్న బిరుదు రావాలి. అదీ చేయని అప్పుకు రావాలి. చేసిన అప్పు ఎగ్గొట్టి పేరు తెచ్చుకోవడంలో గొప్పేముంది? దానికి బోలెడు శ్రమ. ఇళ్లు మారాలి, ఫోన్ నంబర్లు మార్చాలి, ఎదురుగా వస్తున్న మనిషిని చూసి సందు తిరగాలి. నేనైతే చిల్లిగవ్వ ముట్టలేదు, కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. బిరుదు దానంతటదే నడిచి వచ్చింది!

పోయిన వేసవిలో మా అమ్మాయికి ఫిజియోథెరపీ కోర్సులో సీటొచ్చింది. రెండు నెలల్లోగా ఫీజు కట్టాలి, లేదంటే సీటు పక్కవాళ్లకి పోతుంది. నేను హామీ సంతకం పెడితే చదువుకు అప్పిస్తామని బ్యాంకువాళ్లు అన్నారు. సంతకం కోసం కొత్త పెన్ను కొనుక్కుని మరీ వెళ్లాను. లోన్ల బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ కంప్యూటర్‌లో నా క్రెడిట్ రిపోర్టు తెరిచి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఐస్‌క్రీమ్ వ్యాపారం ఎలా ఉందండీ?" అంది.

నేను ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌ని. ఇరవై రెండేళ్లుగా పరాయివాళ్ల తప్పులు దిద్దుకుంటూ బతుకుతున్నాను. నాకు ఐస్‌క్రీమ్ తింటే పళ్లు జివ్వుమంటాయి. కానీ రిపోర్టు ప్రకారం, మూడేళ్ల కిందట నేను ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు చేసి ఐస్‌క్రీమ్ బండి కొన్నాను. తొమ్మిది వాయిదాలు ఎగ్గొట్టాను. ఆ కంపెనీలో ఏ గుమాస్తానో భోజనం వేళకు ముందు తొందరలో ఎవరి అప్పుకో నా గుర్తింపు నంబరు తగిలించి ఉంటాడు. ఆకలి ఎవరికైనా ఆకలే కదా, నేనేమీ అనుకోలేదు.

పైగా లాభాలు చూడండి. మా బావమరిది ఏడాదికి రెండుసార్లు ఏదో ఒక హామీ కాగితం పట్టుకుని వచ్చేవాడు. ఈ వార్త విన్నాక వచ్చి, "పోనీలే బావా, ధైర్యంగా ఉండు" అని నా భుజం తట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఇంతకన్నా ఏ దేవుడు ఏ వరమిస్తాడు? పూటకో లోన్ ఇస్తామని వచ్చే ఫోన్లు కూడా ఆగిపోయాయి.

వాటి బదులు ఒకే ఒక్క ఫోన్ రావడం మొదలైంది. ఫైనాన్స్ కంపెనీ తరఫున వసూళ్లు చేసే కుర్రాడు. పొద్దున్నే సరిగ్గా ఏడింటికి చేసేవాడు. ఇంట్లో అలారం గడియారం అవసరం తీరిపోయింది.

"అన్నా, బండి వాయిదా ఎప్పుడు కడతారు?"

"నాకు ఐస్‌క్రీమ్ అమ్మడమే రాదు నాయనా."

"అందుకే కదన్నా కట్టలేకపోతున్నారు" అనేవాడు జాలిగా.

నా మాట నా సొంత పిల్లలైనా అంత శ్రద్ధగా వినలేదు.

ఇంత సుఖం ఉన్నా, అమ్మాయి సీటు గుర్తొచ్చి ఫిర్యాదు చేశాను. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థకు ఒక ఫారం ఉంటుంది. అందులో మూడు గళ్లు. 'అప్పు కట్టేశాను.' 'బాకీ అంకె తప్పు.' 'ఈ అప్పు వేరొకరిది.' మూడోది నొక్కాను. ఆ వేరొకరి సంతకంతో ఒప్పుకోలు పత్రం జతచేయమంది. ఎవరో తెలియని మనిషిని నేనెక్కడ వెతకను? ఒకవేళ దొరికినా, పిలిచి సంతకం పెట్టమంటే పెట్టేంత మంచివాడైతే వాయిదాలే కట్టేవాడు కదా! ఆ పత్రం లేకుండానే పంపాను.

ముప్పై రోజులకు జవాబొచ్చింది. 'విచారించాం. వివరాలు సరైనవే.' విచారణ ఎలా చేశారో తెలుసుకుందామని హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఫోన్ తీసినావిడ గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

"ఫైనాన్స్ కంపెనీని అడిగాం సార్. వాళ్లు వాళ్ల కంప్యూటర్‌లో చూసుకున్నారు. అందులో ఉంది."

"అందులో ఉన్నది తప్పనే కదమ్మా నేను రాసింది."

"అవును సార్. ఆ తప్పు అందులో కరెక్ట్‌గానే ఉంది."

దొంగతనం జరిగిందా అని దొంగనే అడిగి తెలుసుకునే ఈ పద్ధతిలో ఎంత పొదుపుందో గమనించారా? పోలీసులు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు.

రెండోసారి ఫిర్యాదు చేశాను. ఈసారి బండి నా దగ్గర లేదని రుజువు పంపమన్నారు. లేని బండికి ఫొటో ఎలా తీస్తారు? చాలాసేపు ఆలోచించి, ఖాళీగా ఉన్న మా వాకిలిని ఫొటో తీసి పంపాను. కొలతకు పనికొస్తుందని మా ఆవిడను పక్కన నిలబెట్టాను. పన్నెండు రోజులకు జవాబు. 'ఫొటోలో వాహనం కనిపించడం లేదు. కనుక దాచినట్టు భావిస్తున్నాం.'

మా ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఎలాగూ పేరు పడింది. ఆ బండేదో నిజంగా కొన్నా పోయేది, ఫీజుకు సరిపడా సంపాదించేవాళ్లం" అంది.

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. ఫైనాన్స్ కంపెనీకే వెళ్లాను. మేనేజరు మంచివాడు. కూర్చోబెట్టాడు, మంచినీళ్లు ఇప్పించాడు, నా కాగితాలన్నీ చూశాడు.

"మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది సార్, మీరు తీసుకోలేదని. కానీ ముఖం అప్‌లోడ్ చేయడానికి మా సిస్టమ్‌లో చోటు లేదు."

"మరి తీసేయండి."

"తీసేయాలంటే తప్పు చేశామని మేం ఒప్పుకోవాలి. పై ఆఫీసు అనుమతి రావాలి. నాలుగు నెలలు పడుతుంది. అదే తప్పు చేశానని మీరు ఒప్పుకుని బాకీ కట్టేస్తే నాలుగు నిమిషాలు. బ్యాంకు కూడా ఒప్పుకుంటుంది."

స్కూటర్ అమ్మేశాను. ఎవడో తెలియని పెద్దమనిషి వాయిదాలు తొమ్మిదీ వడ్డీతో కట్టేశాను. రసీదు తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది. కట్టిన డబ్బుకు కాదు. లేని దొంగతనాన్ని ఒప్పుకుని, ఒప్పుకోనిచ్చినందుకు 'థాంక్సండీ' అని చెప్పి మరీ వచ్చినందుకు.

మర్నాడు ఏడింటికి వసూళ్ల కుర్రాడు ఫోన్ చేసి అభినందించాడు. ఇంకో బండి కావాలంటే అప్పిస్తామన్నాడు.

ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజు పొద్దున్నే నేనూ మా అమ్మాయీ బ్యాంకులో కూర్చున్నాం. అప్పు దరఖాస్తు తన చేత్తోనే నింపుతోంది. మూడో పేజీలో కలం ఆగింది.

"నాన్నా, హామీదారు గతంలో ఎప్పుడైనా వాయిదాలు ఎగ్గొట్టారా అని అడుగుతున్నారు. లేదు అని పెట్టనా?"

కింద చిన్న అక్షరాల్లో ఉంది: తప్పుడు సమాచారం ఇచ్చినవారి వివరాలు వారి క్రెడిట్ ఫైల్‌లో నమోదవుతాయి. బాకీ తీరినా నా రిపోర్టులో ఆ తొమ్మిది ఎగవేతలూ అలాగే ఉన్నాయి. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. దాని ఫైల్ ఆరోజే పుడుతోంది.

"అవును అని పెట్టమ్మా" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. పెట్టింది. సాయంత్రానికల్లా అప్పు మంజూరైంది, సీటు దక్కింది.

కనుక పాఠకులారా, నన్ను చూసి అసూయపడండి. నిజం రాస్తే అబద్ధాలకోరని ముద్ర పడుతుందని, కన్నకూతురి చేత అబద్ధం రాయించి, దాన్ని నిజాయితీపరురాలిని చేసిన తండ్రిని నేను.