మాగాణి పాటలు, మెట్ట పాటలు

ఆ గురువారం పొద్దున సుకన్య అనుకున్న పని చాలా చిన్నది. కాఫీలు అయ్యేలోపు పై కంప్యూటర్‌లోని కోలాటం పాటలు కింది కంప్యూటర్‌లోకి కూడా రావాలి. అంతే.

గురజాలలో వాళ్ళ ఇంటికి రెండంతస్తులు. కింద బావగారు చెన్నకేశవరావు, తోడికోడలు తిరుపతమ్మ. పైన సుకన్య, ఆమె భర్త ఉపేంద్ర. అన్నదమ్ములు పొలాలు ఎప్పుడో పంచుకున్నారు. ఇల్లు మాత్రం, గోడ పెట్టడానికి ఎక్కడా కుదరక, ఉమ్మడిగా ఉండిపోయింది.

ఆదివారం మాచర్లలో కోలాటం పోటీలు. జట్టుకి నాయకురాలు సుకన్యే. ఆమెకి ఎదురు నిలబడి కోలలు కలిపే జోడీ తిరుపతమ్మ. తిరుపతమ్మ మనసు బంగారం గానీ, కాలు ఎప్పుడూ తాళానికి ఒక అడుగు వెనక. కోల మాత్రం ముందు. మొన్న సాధనలో ఆ కోల వచ్చి సుకన్య వేళ్ళ మీద పడింది. ఈ మూడు రోజులూ తిరుపతమ్మ వంట చేసుకుంటూ పాటలు వింటే తప్ప లాభం లేదు. మాచర్లలో నవ్వులపాలైతే సుకన్య మళ్ళీ గురజాల బజారులో తలెత్తుకుని తిరగలేదు.

పాటలు ఇంటర్నెట్‌లో ఒక కంపెనీ దగ్గర కొన్నవి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే పాడవు. కొన్న ఖాతాలోకి వెళ్ళి తెరిస్తేనే పాడతాయి. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే ఉపేంద్రకి ఆ రోజు సెలవు. కిందికి వచ్చి, అన్నగారి కంప్యూటర్‌లో తన ఖాతా తెరిచి పెట్టాడు.

"అయిపోయింది వదినా. ఇంక కూర తిప్పుకుంటానే ఎగరొచ్చు" అని పైకి వెళ్ళిపోయాడు.

తిరుపతమ్మ కొంగు దోపుకుని మొదటి పాట పెట్టింది. కాలెత్తింది. పాట ఆగిపోయింది.

పురుగుమందుల కొట్టు నడిపే చెన్నకేశవరావుకి డబ్బాల మీది సన్నక్షరాలు చదివే అలవాటుంది. తెర మీదికి వంగి చూశాడు. "పైన వాళ్ళు పెట్టుకుంటే మనకి ఆగిపోద్దంట" అన్నాడు.

"మళ్ళీ నొక్కండి. కాలు లాగతంది."

ఆయన నొక్కాడు. పైన సుకన్య పాట ఆగింది. ఉపేంద్ర నొక్కాడు. కింద ఆగింది. ఎగువ పొలం వాడు నీళ్ళు రాకుండా మడవ కట్టేస్తే దిగువ పొలం వాడికి ఎలా మండుతుందో చెన్నకేశవరావుకి అలా మండింది. మెట్ల దగ్గరికి వెళ్ళి అరిచాడు.

"ఒరేయ్ ఉపేంద్రా! ఇచ్చినట్టే ఇచ్చి పైనుంచి కట్టేస్తన్నావేందిరా?"

"నేను కట్టేసేదేంది అన్నయ్యా! నువ్వే కిందనుంచి లాగేస్తన్నావ్."

"మీ వదిన ఒంటికాలి మీద నిలబడుంది. కనపడతందా నీకు?"

"అక్కా, నువ్వు ముందు ఇను" అంది సుకన్య పైనుంచి. "కాదులేవే, నువ్వే ఇను" అంది తిరుపతమ్మ కిందనుంచి. ఆ మాటలు పట్టించుకునే తీరిక మగవాళ్ళకి లేదు.

సరిగ్గా అప్పుడే పక్క వీధి జయపాల్ కాఫీకి వచ్చాడు. వరసకేమీ కాకపోయినా అన్నదమ్ములిద్దరికీ బాబాయే. పొలాల పంపకాల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఈమధ్య జనం నేరుగా కోర్టుకి పోతుండటంతో ఆ చేతికి పని లేకుండా పోయింది. సంగతి వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"వంతులు పెట్టుకోండి. పొద్దున కింద, సాయంత్రం పైన" అన్నాడు.

"కొన్నది మేమైతే మాకు వంతేంది?" అన్నాడు ఉపేంద్ర.

ఆ 'మేము' చెన్నకేశవరావుకి గుచ్చుకుంది. "అట్టాగా! అయితే పంచెయ్ బాబాయ్. వాడి పాటలు వాడికి, నా పాటలు నాకు. ఒకరి జోలికి ఒకరు పోయే పనుండదు."

పొలం చూడకుండా పంచడం జయపాల్‌కి అలవాటు లేదు. పదమూడు పాటలూ కళ్ళు మూసుకుని విన్నాడు. హుషారుగా కాలు లేపేవి మాగాణి అన్నాడు. సాగదీసేవి మెట్ట అన్నాడు. ఒక పాట చివర్లో గాయని గొంతు జీరబోతే, "ఇది చూట్టానికి మాగాణే గానీ చివర చవుడు తగిలింది. మెట్ట కింద రాసుకోండి" అన్నాడు. అలా చెరి మూడు మాగాణి, చెరి మూడు మెట్ట ఇచ్చాడు. పదమూడోది ఆఖర్న పాడే మంగళహారతి. "ఇది ఉమ్మడి బాట. ఇద్దరూ నడవాల. దీన్నెవరూ కదిలించొద్దు" అని తీర్పు చెప్పాడు.

"బావగారూ, అక్క సగం, నేను సగం నేర్చుకుంటే కోలలు ఏడ కలుస్తయ్?" అంది సుకన్య.

"పంపకాల మధ్యలో మాట్టాడకూడదమ్మా" అన్నాడు జయపాల్.

హద్దులు గట్టిగా ఉండాలి కాబట్టి, ఎవరి కంప్యూటర్‌లోంచి వాళ్ళు ఎదుటివాడి వాటా తీసెయ్యాలన్నాడు. అన్నదమ్ములిద్దరూ నిజాయితీపరులు. ఉపేంద్ర పైన కూర్చుని అన్న వాటా తీసేశాడు. చెన్నకేశవరావు కింద కూర్చుని తమ్ముడి వాటా తీసేశాడు. ఒక్క పాట కూడా ఎక్కువ ఉంచుకోలేదు.

కానీ ఖాతా ఒక్కటే. పైన తీసేసింది కింద కూడా పోయింది. కింద తీసేసింది పైన కూడా పోయింది. చివరికి రెండు కంప్యూటర్లలోనూ మిగిలింది ఎవరూ ముట్టుకోని మంగళహారతి.

"నా వాటా కూడా మింగేశాడు బాబాయ్!" అని కింద నుంచి అన్న.

"మింగింది నువ్వా నేనా?" అని పై నుంచి తమ్ముడు.

"రేపే మేస్త్రీని పిలుస్తా. మెట్లు మూసేస్తా."

"మూసుకో. నేను బయటనుంచి ఇనప మెట్లు ఏయించుకుంటా."

జయపాల్ అప్పటికే మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయనకి అడ్డంగా సుకన్య మెట్ల మధ్య కూలబడి ఏడ్చేసింది.

"ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి జట్టు కట్టా. ఆదివారం అందరి ముందూ నేనేం ఆడాల? హారతిచ్చి తిరిగి రమ్మంటారా?"

తిరుపతమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. భర్తకేసి చూసి, "ఆ పాటలు తిరిగొచ్చిందాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. పైనా వెలగదు, కిందా వెలగదు" అంది.

మగవాళ్ళు ముగ్గురూ ఒకేసారి చల్లబడ్డారు. సుకన్య కళ్ళు తుడుచుకుని కంపెనీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"కొన్న పాటలు ఎక్కడికీ పోవు మేడమ్. మళ్ళీ ఇచ్చేస్తాం" అంది అవతలి అమ్మాయి. "డౌన్‌లోడ్ చేసుకుంటే రెండు కంప్యూటర్లలోనూ ఒకేసారి పాడుకోవచ్చు. కాకపోతే రెండూ ఒకే ఇంట్లో ఉండాలి. ఖాతా ఉపేంద్రగారి పేరు మీద ఉంది, ఆయనే చెప్పాలి. మీదంతా ఒకటే ఇల్లేనా సార్?"

ఉపేంద్ర అన్నకేసి చూశాడు. అన్న గోడకేసి చూశాడు.

"సార్, లైన్‌లో ఉన్నారా?"

"ఉన్నాడమ్మా" అన్నాడు చెన్నకేశవరావు. "ఒకటే ఇల్లు. మెట్లు కూడా లోపల్నించే."

"మీరెవరు సార్?"

"వాడి అన్నయ్యని."

"ఉపేంద్రగారే చెప్పాలండీ."

"మా అన్నయ్య చెప్పాడుగా" అన్నాడు ఉపేంద్ర, గొంతు సవరించుకుని. "ఒకటే ఇల్లు."

కాసేపట్లో పదమూడు పాటలూ పైకీ వచ్చాయి, కిందికీ వచ్చాయి. తోడికోడళ్ళు కోలలు అందుకున్నారు.

"నీకేం వచ్చినయ్ రా?" అన్నాడు చెన్నకేశవరావు.

"అన్నీ."

"నాక్కూడా అన్నీ వచ్చినయ్." ఆయన ముఖం వాడిపోయింది. "బాబాయ్, మరి ఇందులో నా వాటా ఏంది?"

"ఎవుడికీ ఏమీ తగ్గకపోతే దాన్ని పంపకం అనరబ్బాయ్" అని జయపాల్ కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తమకేదో అన్యాయం జరిగిందనే అనుమానం అన్నదమ్ములిద్దరికీ ఉండిపోయింది.

ఆదివారం మాచర్లలో తిరుపతమ్మ కాలు తాళంలో పడింది. కోల కోలకే తగిలింది. సుకన్య జట్టుకి మొదటి బహుమతి ప్రకటించగానే తోడికోడళ్ళు ఒకరినొకరు వాటేసుకున్నారు. వాళ్ళ కంటే ముందే, చెరో పక్కనుంచి, అన్నదమ్ములిద్దరూ వేదిక ఎక్కేశారు.

షీల్డు మాత్రం ఒక్కటే ఇచ్చారు.