ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఇరవై మూడు కిలోలు

2011 ఆగస్టులో ఒక శనివారం ఉదయం టెర్రెన్స్ హాలోవే పెట్టుకున్న పని ఒక్కటే, పెట్టె సర్దుకోవడం. సాయంత్రం విమానం. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, వృత్తి బాస్కెట్‌బాల్. అమెరికాలో పెద్ద జట్లు వద్దన్నాక తొమ్మిదేళ్లుగా దేశదేశాలు తిరిగి ఆడుతూ పొట్ట పోసుకుంటున్నాడు. టర్కీ అయింది, కొరియా అయింది, ఈసారి జర్మనీ. ఏటా వేసవికి అమెరికాలో మోరిస్‌విల్‌లోని అద్దె అపార్ట్‌మెంట్‌కు వస్తాడు, ఆగస్టులో వెళ్ళిపోతాడు. వచ్చినట్టు ఎవరికీ తెలియదు, పోయినట్టూ తెలియదు. ఆ సంగతి అతన్ని ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

పది గంటలకు ఎవరో తలుపు తట్టారు. ఎదురింటి రాధారాణి, చేతిలో ఆవకాయ సీసాతో.

“టెర్రీ, యూ గోయింగ్ ఫ్రాంక్‌ఫర్ట్ టుడే, నో? మా చెల్లెలి కూతురు దేదీప్య అక్కడే ఎమ్మెస్ చేస్తోంది. ఇదొక్కటీ పట్టుకెళ్ళు నాయనా. బరువే ఉండదు.”

ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించడం ఆవిడ అలవాటు. సీసా చూశాక టెర్రెన్స్‌కు రెండో సగం తర్జుమా అక్కర్లేకపోయింది. నిన్న మెయిల్‌బాక్సుల దగ్గర ప్రయాణం సంగతి మాటవరసకు చెప్పాడంతే. అది గుర్తుపెట్టుకుని ఒక మనిషి రావడం తొమ్మిదేళ్లలో ఇదే మొదలు. కాదనలేకపోయాడు.

ఏకు మేకయింది. రాధారాణి ఆ శుభవార్తను తెలుగువాళ్ళ ఈమెయిల్ గ్రూపులో పెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చుట్టమో స్నేహితుడో లేని తెలుగువాడు మోరిస్‌విల్‌లో లేడని గంటలో తేలిపోయింది. రిటైరైన ఇంజనీరు కోటయ్య గోంగూరతో, భాస్కర్ సున్నుండలతో, మరికొందరు ఏవేవో పొట్లాలతో దిగారు. చదువుకుంటున్న కుర్రాడు శశికాంత్ పెట్టె తూచే కాటా కూడా తెచ్చాడు.

“ఇరవై మూడు కేజీలే అలౌ చేస్తారు అంకుల్. ఆల్రెడీ ఇరవై ఏడుంది.”

“ఆ బూట్లు తీసెయ్,” అన్నాడు కోటయ్య టెర్రెన్స్‌తో ఇంగ్లీషులో. “పడవల్లా ఉన్నాయి. అక్కడ కొనుక్కోవచ్చుగా!”

“నా సైజు అక్కడ దొరకదు,” అని టెర్రెన్స్ గొణిగాడు.

“అయితే మెడలో వేసుకో బాబూ. లేసులున్నాయిగా!” అన్నాడు కోటయ్య.

బూట్లు మెడకెక్కాయి. జెర్సీలు సీసాలకు చుట్టుకున్నాయి. అప్పుడే అతని ఫోన్ మోగింది. అతనికి జట్లు వెతికిపెట్టే ఏజెంట్. జర్మనీ క్లబ్బువాళ్ళు చివరి నిమిషంలో వేరొకణ్ణి తీసుకున్నారట, రావద్దన్నారట.

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే హాలంతా జనం, నవ్వులు, టేపు చింపుతున్న చప్పుడు. నిజం చెబితే ఎవరి సీసా వాళ్ళు పట్టుకుని పోతారు. తను మళ్ళీ ఒంటరి. అంత మనిషికీ ఏడుపొచ్చినంత పనైంది. అయినా చెప్పేశాడు.



“టికెట్ కూడా క్యాన్సిల్ అయిందా?” అన్నాడు శశికాంత్.

“లేదు. జాబే పోయింది.”

“హమ్మయ్య!” అంది రాధారాణి. “జాబ్ పోతే ఇంకోటి వస్తుంది నాయనా, టికెట్ పోతే వస్తుందా? వెళ్ళు. అక్కడ క్లబ్బులకేం కరువు? ఏదో ఒకటి దొరికేదాకా దేదీప్య వాళ్ళింట్లో తిందువుగాని. పదకొండు మంది ఎయిర్‌పోర్ట్‌కి వస్తున్నారు.”

“నా కోసమా?”

“మరి? పచ్చళ్ళు వాటంతటవే నడిచెళతాయా?”

టెర్రెన్స్ పచ్చళ్ళ మాట వినిపించుకోలేదు. పదకొండు మంది దగ్గరే ఆగిపోయాడు. ఇన్ని దేశాల్లోనూ తనకోసం ఎదురుచూసినవాడు క్లబ్బు డ్రైవరొక్కడే.

సాయంత్రం ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో అమ్మాయి అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది.

“ఈ పెట్టె మీరే సర్దుకున్నారా సర్?”

అవునంటే పోయేది. మెడలో బూట్లతో టెర్రెన్స్ నిటారుగా నిలబడ్డాడు.

“లేదండీ. మావాళ్ళు సర్దిపెట్టారు,” అన్నాడు గర్వంగా.

వేరేవాళ్ళు సర్దిన పెట్టె అనగానే భద్రతా అధికారులు వచ్చి విప్పించారు. ఏ సీసా ఎవరిచ్చారని అడిగితే, రాధారాణి మొదలుకుని ఒక్కొక్కరి పేరూ, వాళ్ళు తనతో అన్న మాటలూ ఆప్యాయంగా చెప్పుకొచ్చాడు. భాస్కర్ సున్నుండల దగ్గరికి వచ్చేసరికి విమానం వెళ్ళిపోయింది.