తాయారు తోటలో ఆర్గాన్

గుమ్మడివలస గాలిలో ఆర్గాన్ వాయువు ఉన్నట్టు అధికారికంగా ధ్రువపడింది. వందలో దాదాపు ఒక వంతు ఉంది. నిన్నటిదాకా ఊరివాళ్లు దాన్ని ఏ గుర్తింపూ ఇవ్వకుండా పీల్చి వదిలేశారు.

గజపతినగరం నుంచి జీపులో వచ్చిన వాయు సంపద అభివృద్ధి సంస్థ వారు తాయారు జీడిమామిడి తోటలో పరికరం పెట్టారు. నీడ అక్కడే ఉంది. పరికరం అంకె చూపగానే తోటను నిక్షేప ప్రాంతంగా ప్రకటించారు. చెట్లు గాలికి అడ్డం కనుక శుక్రవారం కొట్టేయాలని నిర్ణయించారు. తాయారుకు ఆ తోట తప్ప మరో ఆధారం లేదు. నివేదికలో ఆ సంగతి లేదు. అది వాయువు గురించిన నివేదిక.

బడి ఆవరణలో సభ జరిగింది. సంస్థ అధ్యక్షుడు యుగంధర్ ప్రసంగించారు.

"ఈ వాయువుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. రాళ్లలోని పొటాషియం కోట్ల ఏళ్లు క్షీణిస్తూ దీన్ని మనకిచ్చింది. ఆ కోట్ల ఏళ్లలో గత పాలకవర్గాలు ఏం చేశాయని అడుగుతున్నాను! ఇది దేనితోనూ కలవదు. నిప్పు పెట్టినా తిరగబడదు. ఇలాంటి పౌరులే ఈ జిల్లాకు కావాలి!"

చప్పట్లు మోగాయి.

తర్వాత సైన్సు మాస్టారు సుందరరావుకు పొందూరు ఖద్దరు కండువా కప్పారు. బల్బులో తీగ కాలిపోకుండా ఆర్గాన్ ఎలా కాపాడుతుందో, వెల్డింగులో ఎలా పనికొస్తుందో ఆయన వివరించారు. అది లోకమంతా ఇదే పాళ్లలో ఉంటుందన్న ముక్క సమయం చాలక చెప్పలేదు.

మర్నాడు పక్క ఊరు రోడ్డెక్కింది. "ఆళ్ల గాలికున్నదేటి, మన గాలికి లేనిదేటిరా?" అంటూ బస్సులు ఆపేశారు. సంస్థ వారు వెళ్లి కొలిచారు. అదే అంకె వచ్చింది. ఆ ఊరికీ ఆర్గాన్ మంజూరైంది. మిఠాయిలు పంచుకున్నారు. అక్కడ ఎవరి తోట పోతుందో ఇంకా తేలలేదు కనుక ఉత్సాహం తగ్గలేదు.

తాయారు మాస్టారింటికి వెళ్లింది.

"మేస్టారూ, ఈ గాలి మా తోటలోనే ఉన్నాదా? మీ ఇంటికాడ నేదా?"

"అంతటా ఉన్నాదమ్మా."

"మరా మాట సభలో సెప్పకపోయారా?"

"కండువా కప్పీసినారు కదమ్మా. అది బుజాన ఎట్టుకుని ఏటి సెప్పను?"

"శుక్రోరం తోటకాడికొచ్చి సెప్పండి. ఊరంతా వస్తాది."

"అలాగే, వస్తాను."

శుక్రవారం పొక్లెయిన్ వచ్చింది. ఊరంతా వచ్చింది. మాస్టారు కండువాతో వచ్చారు. నియమం ప్రకారం ఇంజను ఆపించి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని యుగంధర్ అడిగారు.

ఉందని తాయారు చెప్పింది. ఆమె లబ్ధిదారు కనుక ఆ అభ్యంతరం చెల్లదన్నారు. ఇంకెవరికైనా ఉందా అని మళ్లీ అడిగారు.

తాయారు మాస్టారి వైపు చూసింది. మాస్టారు కండువా సర్దుకున్నారు. ఊరివాళ్లు మాస్టారి వైపు చూశారు.

నియమం ప్రకారం చివరిసారి గాలి కొలవడానికి సంస్థ మనిషి ఒకతను పరికరం గొట్టాన్ని చెట్ల వైపు పట్టాడు.

"సెట్లకేసి ఎందుకు బాబూ?" అంది తాయారు. "ఇలా మనుసులకేసి తిప్పు. ఇక్కడ సాలా ఉన్నాది."

అటు కొలవడానికి అనుమతి లేదని అతను చెప్పాడు.

ఇంజను మొదలైంది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.