కంచాల మార్పిడి

నేను సన్నగా ఉంటానని మీకందరికీ తెలుసు. ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగోవాడు కావాల్సివస్తే నన్నే పిలుస్తారు. మీకు తెలియనిదల్లా నా పొట్ట. చేతులు, కాళ్లు, మెడ అన్నీ నావే అనిపిస్తాయి. పొట్ట మాత్రం బాగా తినే మనిషెవరిదో.

చొక్కా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. కానీ వర్తూరులో కొన్న ఫ్లాటుకు గృహప్రవేశం పెట్టుకున్నాం. పీటల మీద పంచె, ఉత్తరీయంతో కూర్చోవాలి. చొక్కా ఉండదు, వీడియో ఉంటుంది. పైగా మా తోడల్లుడు ఓంకార్ వస్తాడు.

ఓంకార్ మా ఆవిడ అక్క సత్యభామకు మొగుడు. రోజూ బరువులెత్తే మనిషి. వాళ్ల గృహప్రవేశంలో ఆయన చొక్కా విప్పగానే పంతులుగారు కూడా మంత్రం ఆపి ఒకసారి చూశారు. కిందటి ఉగాదినాడు తడి బనియన్‌లో ఉన్న నన్ను చూసి, "ఎన్నో నెల, అమరా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా అనసూయ కూడా నవ్వింది. అది మాత్రం నాకు బాగా గుచ్చుకుంది. ఆమె ముందు మళ్లీ ఆ మాట పడకూడదని పంతం పట్టాను.

కాడుగోడిలో ఒక జిమ్ములో చేరాను. అక్కడ నేర్పేవాడి పేరు పండు. పేరు విని చిన్నవాడనుకున్నాను. తలుపులోంచి పక్కకు తిరిగి వచ్చాడు.

"సన్నగా ఉండారు, పొట్ట ఉండాది. కష్టమైన కేసు సార్" అన్నాడు నన్ను చుట్టూ తిరిగి చూసి. "తిండి మరీ తగ్గిస్తే కండ పోతాది, పొట్ట నిలబడతాది. మరీ ఎక్కువ తింటే పొట్టే ముందు తీసుకుంటాది. బరువులెత్తండి. గుడ్లు, పప్పు తినండి. నెయ్యి వద్దు. పొట్ట అన్నిటికన్నా చివర్లో పోతాది, ఓర్చుకోవాల."

ఇంటికొచ్చి అనసూయతో నెయ్యి వద్దన్నాను. కారణం చెప్పలేదు. ఓంకార్‌కు భయపడి అని పెళ్లాంతో ఎలా చెప్పేది?

"ఆరోగ్యం కోసం" అన్నాను.

"నలభై దాటినాక ఆరోగ్యం గుర్తొచ్చిందా? ఆఫీసులో కొత్తగా ఎవురన్నా చేరినారా?"

"ఎవరూ చేరలేదు."

"పాతోళ్లు ఎవురన్నా తిరిగొచ్చినారా?"

"లేదన్నానా!"

"సరేలేప్పా. ఈ ఎముకల గూటికి నెయ్యి కూడా మానిపిస్తే మా అమ్మోళ్లు నన్నే అంటారు."

ఆ ఆఖరి ముక్క దగ్గరే నాకు అనుమానం పుట్టింది.

బరువులెత్తుతూనే ఉన్నాను. చేతుల్లో కాస్త కండ కనిపించింది. పొట్ట ఉన్నచోటే ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను నెయ్యి మానేశాను. అయినా డబ్బాలో నెయ్యి తరిగిపోతోంది. ఎక్కడికి పోతుంది? నాకు తెలియకుండా నాలోకే.

ఒకరోజు నా చపాతీని టిష్యూ కాగితంతో ఒత్తి చూశాను. మరక పడలేదు. అంత శుభ్రంగా ఉండటమే నాకు నచ్చలేదు. పైన రాస్తే దొరికిపోతానని పిండిలోనే కలిపేస్తోందన్నమాట.

"చపాతీకి చెమట తుడుస్తా ఉండావా?" అంది అనసూయ వెనకనుంచి.

"కాలిందో లేదో చూస్తున్నా."

"కాగితంతోనా?"

వంటింట్లోకి తొంగిచూస్తే చపాతీలకు రెండు డబ్బాలు కనిపించాయి.

"రెండెందుకు?"

"నీవి నీకు, నావి నాకు."

ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ సాయంత్రం ఆమె కంచాలు తెచ్చి కూర్చోగానే, చటుక్కున రెండూ మార్చేశాను.

"యాలప్పా మార్చినావు?" అంది.

"ప్రేమ."

నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం లేదే."

"మొగుడు పెళ్లాం కంచంలో తినకూడదా?"

"తినొచ్చు. ఇన్నేండ్లూ తినలేదే అని."

నా ముందున్న కంచం చూసింది, తన ముందున్నది చూసింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. దొరికిపోయిందని అర్థమైంది.

ఆమె చపాతీలు అమోఘంగా ఉన్నాయి. అనుమానం లేని తిండికి ఆ రుచే వేరు. ఆరోజు మొదలు ప్రతి పూటా మార్చాను. ఆమె ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాళ్లు అలాగే ఉంటారు.

"సార్, పొట్ట ఇంకా ముందుకొచ్చిండాదే" అన్నాడు పండు కొన్నాళ్లకు. "ఏం తింటా ఉండారు?"

"మా ఆవిడ కంచంలోది" అన్నాను ధీమాగా. "పాత నెయ్యి బయటికొస్తున్నట్టుంది."

పండు వెళ్లి పెద్ద బరువొకటి ఎత్తుకున్నాడు.

గృహప్రవేశం రానే వచ్చింది. పంచె బొడ్డు పైకి కట్టి, ఉత్తరీయం పొట్ట మీద పరిచి పీటల మీద కూర్చున్నాను. బాగానే కప్పింది. పంతులుగారు ఆ ఉత్తరీయం అంచుకే అనసూయ చీరకొంగు ముడివేశారు. తర్వాత, "అమ్మా, లేచి పొయ్యి మీద పాలు పెట్టండి" అన్నారు.

అనసూయ లేచింది. ఉత్తరీయం ఆమె వెంట వెళ్లింది. పొట్ట నా దగ్గర మిగిలింది. వీడియో అబ్బాయి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"అమరా, నెలలు నిండినట్టుండాయే!" అన్నాడు, తానూ చొక్కా లేకుండా ఉత్తరీయంతోనే తిరుగుతున్న ఓంకార్.

అందరూ గొల్లుమన్నారు. నేను తలవంచుకున్నాను. సత్యభామ మాత్రం నావైపు చూడలేదు. చెల్లెల్నే చూస్తోంది.

"అనసూయా, ఆ బ్లౌజు నీ పెండ్లిది కదే? ఎట్ల పట్టింది?"

"అంతా మీ మరిది దయ అక్కా" అంది అనసూయ. "ఆయనకు నెయ్యి లేకుండా వేరేగా చేస్తా ఉంటిని. ఆ కంచం దినామూ నాకిచ్చేసి, నా నెయ్యి కంచం తాను తినేవాడు. నేను తగ్గాలని తాను పొట్ట పెంచుకున్నాడు, పాపం."

నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్లు నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు. సత్యభామ మొగుడివైపు తిరిగింది.

"విన్నారా? మీరు ఒక్కనాడన్నా నా నెయ్యి తిన్నారా? అద్దం ముందర చేతులు చూసుకోను మాత్రం టైముంటాది. రేపటినుంచి మనింట్లో కూడా కంచాలు మార్చాల."

ఓంకార్ మెల్లిగా ఉత్తరీయం భుజాల మీదికి లాక్కున్నాడు. నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. అనసూయ వచ్చి పక్కన కూర్చున్నాక గొంతు తగ్గించి అడిగాను.

"నా అనుమానం నీకెప్పుడు తెలిసింది?"

"చపాతీని కాగితంతో ఒత్తినప్పుడే."

"చెప్పొచ్చు కదా?"

"చెప్తే నమ్ముతావా?"

నమ్మేవాణ్ణి కాదు.

"అయినా చెప్దామనే అనుకున్నా" అంది పంతులుగారిచ్చిన అక్షింతలు తీసుకుంటూ. "బ్లౌజు పట్టినాక."

"మరి నా పొట్ట గతేంటి?"

"ఈ దినం దానికి ఊరంతా మంచి పేరొచ్చింది. ఉండనీలేప్పా."