తుఫాన్ మళ్ళీ వస్తోంది

బుధవారం పొద్దున్నే వరదానం గారు ఉప్పునీళ్ళు పుక్కిలించి, గురువారం పది గంటల దాకా నోరు విప్పకూడదని తీర్మానించుకున్నారు. తాడేపల్లిగూడెంలో రికార్డింగ్ స్టూడియో నడిపే ఎలీషా పెట్టిన షరతు అది. "అరవయ్యేళ్ళ గొంతండి మీది. ఒక రోజంతా రెస్టివ్వకపోతే రెండో పాటకే బొంగురుపోద్ది," అన్నాడతను.

ముప్ఫయ్యేళ్ళ కిందట ఏలూరులో 'తుఫాన్' అనే రాక్ బృందం ఉండేది. భుజాల దాకా జుట్టు, నల్లచొక్కా, గిటారు, కిటికీలు అదిరే కేక, ఇవన్నీ కలిపితే వరదానం గారు. తరవాత జుట్టు పోయి డ్రైనేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కొల్లేరు చుట్టూ ఎక్కడ ఎంత వాన పడిందో లెక్క రాస్తూ రిటైరయ్యారు. ఇప్పుడు, 2005లో, ఎనిమిది కొత్త పాటలతో ఆల్బం చెయ్యబోతున్నారు. సంగతి భార్య రూతమ్మకి చెప్పలేదు. చర్చిలో ఆయన పైస్థాయి అందుకున్నప్పుడల్లా ఆవిడ కీర్తనల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

ఉన్న చిక్కల్లా పాత బృందంలో డ్రమ్స్ వాయించిన అబ్బాయిరాజుతోనే. కలిదిండిలో చేపల చెరువులు తవ్వుకున్న దగ్గర్నుంచీ అతను గట్టు దిగడం లేదు. ఆఖరి ప్రయత్నంగా వరదానం గారు ఒక చీటీ రాశారు: "తుఫాన్ మళ్ళీ వస్తోంది. గురువారం ఉదయం పది గంటలకి. సిద్ధంగా ఉండు. ఎవరికీ చెప్పకు." ఏలూరులో చేపలు దింపి కలిదిండి తిరిగెళ్తున్న వ్యాన్ డ్రైవర్ తాతారావు చేతిలో దాన్ని పెట్టారు.

తాతారావు అక్కడే చదివి వ్యాను ఇంజను ఆపేశాడు. "ఖాయమేనాండి?"

వరదానం గారు తలూపారు.

"పెద్దదేనాండి?"

ఎనిమిది పాటలాయె. ఆయన రెండు చేతులూ బార్లా చాపారు.

"తట్టుకుంటామంటారా?"

అంతా దేవుడి దయ అన్నట్టు ఆయన వేలితో ఆకాశం చూపించారు. తాతారావు వెంటనే బండి స్టార్ట్ చేశాడు. ఎవరికీ చెప్పొద్దన్న మాటతో సహా దారి పొడుగునా ప్రతి టీకొట్టు దగ్గరా చెప్పుకుంటూ పోయాడు. చెప్పినాయన జీవితమంతా వాన లెక్కలు రాసినాయన. ఇక అనుమానించేదెవరు?

మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఫోను మొదలైంది. రూతమ్మ ఎత్తింది.

"ఆయన పొద్దుట్నించీ నోరు విప్పట్లేదండి..." అని భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఏదో వస్తోందంటగా, నిజమేనా అని అడుగుతున్నారు."

వరదానం గారు కుర్చీలోంచి లేచారు. అబ్బాయిరాజు ఊరంతా చాటేశాడన్నమాట. ముప్ఫయ్యేళ్ళయినా జనం తనని మరిచిపోలేదన్నమాట. ఆయన గట్టిగా తలూపారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిజమేనంటండి," అంది రూతమ్మ ఫోనులో. "కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు."

ఆ కళ్ళనీళ్ళతో లంకగ్రామాలు కదిలిపోయాయి. జానెడు కూడా ఎదగని చేపల్ని వలేసి లాగేశారు. ఐసు దొరకలేదు. గొడ్లని మెరకకి తోలారు, మంచాలు మేడలెక్కించారు. సాయంత్రానికి పన్నెండూళ్ళు కొంపలు సర్దుకున్నాయి. వరదానం గారు మాత్రం అభిమానుల్ని తలుచుకుంటూ తేనె నాకి హాయిగా నిద్రపోయారు.

గురువారం 'పెన్షన్ పని' అని కాగితం మీద రాసి చూపించి, ఆయన పాసింజరు బండెక్కారు. స్టూడియోలో పాత నల్లచొక్కా తొడుక్కుంటే పొట్ట దగ్గర రెండు గుండీలు పట్టలేదు. అబ్బాయిరాజు రాలేదు. ఎలీషా మెషీన్ మీద డ్రమ్స్ పెట్టాడు. వరదానం గారు కళ్ళు మూసుకుని కేక అందుకున్నారు. గొంతు పాత గొంతే. రెండో పాట పూర్తిచేసి కళ్ళు తెరిస్తే అద్దం అవతల ముగ్గురు మనుషులున్నారు. ఎమ్మార్వో నాగేశ్వరరావు గారు, అబ్బాయిరాజుకి ఇవ్వనే ఇవ్వని చీటీ పట్టుకుని తాతారావు, స్టూడియో రసీదు పట్టుకుని రూతమ్మ. రసీదు ఆయన దిండు కింద దొరికింది.

"ఇదాండి తుఫాను?" అన్నారు ఎమ్మార్వో, పట్టని గుండీల వంక చూస్తూ.

విషయం అర్థమవడానికి వరదానం గారికి అయిదు నిమిషాలు పట్టింది. అభిమానులెవరూ లేరని అర్థమవడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆ నిమిషమే ఎక్కువ కష్టంగా గడిచింది.

"నేను చెబితే ఎవరూ నమ్మట్లేదండి. మీరు చెబితేనే నమ్ముతారంట," అన్నారు ఎమ్మార్వో. "మైకు ముందే ఉన్నారుగా. చెప్పెయ్యండి. టేపు ఊరూరా తిప్పుకుంటాం."

వరదానం గారు మైకు దగ్గరికి జరిగారు. "నా పేరు వరదానం. తుఫాను రావడం లేదు. నేను రాసింది నా పాటల సంగతి. వానకీ నాకూ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. దయచేసి మంచాలు కిందికి దించుకోండి."

ఎలీషా హడావిడిలో ఆ ముక్కని రెండో పాట ఉన్న టేపులోనే ముందు అతికించి ఇచ్చాడు. జీపు ప్రతి ఊళ్ళోనూ ముందు క్షమాపణ వినిపించింది, వెనకే కేక వినిపించింది. తిట్టడానికి వచ్చినవాళ్ళు పాట అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగేసరికి నవ్వొచ్చింది.

సాయంత్రం అబ్బాయిరాజు ఏలూరొచ్చాడు. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెరువులన్నీ ఖాళీ చేశానురా," అన్నాడు.

వరదానం గారు తల దించుకున్నారు. "ఏమడిగినా ఇస్తానురా."

"ఏమిస్తావు? మళ్ళీ చేపపిల్ల వేసేదాకా నాకు పని లేదు. ఆ డ్రమ్స్ ఎక్కడేడిశాయో చూపించు."

రూతమ్మ ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది. భర్త గ్లాసు పక్కనే స్టూడియో రసీదు పెట్టింది. "జీపులో నాలుగుసార్లు విన్నానండి ఆ పాట," అంది. ఆయన బిక్కుబిక్కుమంటూ చూశారు. ఆవిడ నవ్వడం లేదు. "ఆఖరి చరణం ఇంకొంచెం పైన పాడండి. అందుతుంది మీకు."

నెల తిరక్కుండా ఆల్బం వచ్చింది. కొల్లేరు ఊళ్ళల్లో క్యాసెట్లు తెప్పించిన కొద్దీ అమ్ముడుపోయాయి. కొనేముందు ఎన్ని పాటలున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు, మంచాలు దించుకోమన్న ముక్క ఉందా అనే అడిగారు.